పడవ కేక

నా గొంతు పెద్దది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని మూలంగానే జరిగింది. చిత్రకళా గ్యాలరీలో ఉద్యోగం చేసే మనిషికి ఇంత గొంతు ఉండకూడదు. అక్కడికి వచ్చేవాళ్ళు రోగిని చూడడానికి వచ్చినట్టు గుసగుసగా మాట్లాడతారు. నేను పక్క గదిలోంచి "ఆ ఫ్రేము కాస్త ఎడమకి జరపండయ్యా" అంటే కింద రోడ్డు మీద వెళ్తున్న ఆటో, తననే పిలిచాననుకుని ఆగేది. మా ఛైర్మన్ గారు ఎంతో మర్యాదగా "మేడమ్, కొంచెం వాల్యూమ్ తగ్గించండి" అనేవారు. తగ్గించేదాన్ని. భోజనాల వేళకి మళ్ళీ మామూలే.

తప్పు నాది కాదు, గోదావరిది. నేను లంకలో పుట్టాను. చుట్టూ నీళ్ళు. మేము ఇవతలి ఒడ్డున ఉంటే పడవ ఎప్పుడూ అవతలి ఒడ్డునే ఉండేది. అది కావాలంటే కేక వేయాలి. అవతల గట్టు మీద కునుకు తీస్తున్న మనిషి లేచి గెడ అందుకునేలా వేయాలి. మా అమ్మ నాకు ముగ్గు వేయడం నేర్పింది, అన్నం వార్చడం నేర్పింది. చివరికి నాకు అక్కరకొచ్చింది మాత్రం ఆవిడ నేర్పిన కేకే. "గొంతులోంచి కాదే, కడుపులోంచి రావాలి" అనేది. పడవ కేకకి బదులు కేక కూడా ఉండేది. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు "ఏ ఇంటికోయ్?" అని అడిగితే, పడవలో వచ్చేవాళ్ళు ఫలానా ఇంటికని కేకేసి చెప్పేవాళ్ళు. పడవ ఒడ్డుకి తగిలేలోపు పొయ్యి మీద ఎసరు పడేది.

ఇప్పుడు ఈ రంగంలోకి వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, "మీ సర్వీసులో బాగా కష్టపెట్టిన ఎగ్జిబిషన్ ఏదండీ?" అని అడుగుతుంటారు. మావోరీ ఎగ్జిబిషన్ అంటాను. వాళ్ళు వెంటనే ప్యాకింగ్ గురించీ, ఇన్సూరెన్స్ గురించీ, గోదావరి గాలిలో తేమ గురించీ అడుగుతారు. అవన్నీ ఎలాగో గట్టెక్కే కష్టాలే. నేను చెప్పబోయేది గుమ్మం దగ్గర జరిగింది.

రాజమండ్రిలో ఓ ట్రస్టువారి గ్యాలరీకి నేను క్యూరేటర్‌ని. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఉద్యోగంలో చేరేనాటికే మా ఆయన పోయారు. ఈ రెండో సంగతి కూడా ముందే చెప్పాలి, ఎందుకంటే మా వైపు ప్రారంభోత్సవం అంటే దీపం, కొబ్బరికాయ, హారతి. భర్త పోయిన మనిషి అలాంటి వేళ ఎదురు రాకూడదు. నన్ను ఎవరైనా వెళ్ళిపొమ్మన్నారా అంటే, ఎవరూ అనలేదు. మా గోదావరి జిల్లాల్లో అలా అనరు. "మీరు లోపల ఏర్పాట్లు కాస్త చూసుకుందురూ" అంటారు. అండీ, గారూ చేర్చి మరీ అంటారు. మొదటిసారి అన్నప్పుడు వెళ్ళాను. తర్వాత వాళ్ళు అనకముందే వెళ్ళడం అలవాటైంది. బొమ్మలు ఎంచింది నేను, గోడకి తగిలించింది నేను, కింద నాలుగు ముక్కలు రాసింది నేను. రిబ్బను కత్తిరించే వేళకి మాత్రం స్టోర్ రూములో తాళాల గుత్తి పట్టుకుని ఉండేదాన్ని. మా ప్రారంభోత్సవాల ఆల్బమ్ తిరగేస్తే నేను సర్వీసంతా సెలవులోనే ఉన్నాననుకుంటారు.

మావోరీలంటే న్యూజిలాండ్ అసలు మనుషులు. ఎప్పుడో పూర్వం పెద్ద పెద్ద పడవల్లో సముద్రం దాటి అక్కడికి చేరినవాళ్ళు. వాళ్ళలో ఇప్పటి కళాకారుల పనులు ఇండియాలో రెండు మూడు నగరాలకి వస్తున్నాయని తెలిసి, దారిలో మా ఊరికీ రప్పించాలని పట్టుబట్టాను. కమిటీలో ఒకాయన "వాళ్ళెక్కడ, మనమెక్కడండీ" అన్నారు. ఇంకొకాయన అన్నవరం కొండ మీద ఫోటోల పోటీ పెడదామన్నారు. ఛైర్మన్ గారు భీమవరం వైపు మనిషి, రొయ్యల చెరువులున్నాయి, చేయి పెద్దది. పేపర్లవాళ్ళు వస్తారని చెప్పాక ఆయన ఒప్పుకున్నారు. రిటైర్మెంటుకి ముందు నేను పెట్టబోయే ఆఖరి పెద్ద ఎగ్జిబిషన్ అది. అది సవ్యంగా జరిగితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాను.

వాళ్ళ తరఫు క్యూరేటర్ చిన్నమ్మాయి. వీడియో కాల్‌లో గలగలా మాట్లాడేది. వాళ్ళ దేశంలోనే చాలా కాలం మ్యూజియముల్లో తమ వస్తువుల్ని పక్షుల ఎముకల గూళ్ళ పక్కన పెట్టి చూపించేవారట. తీరా తమ పిల్లలు ఇప్పటి కాలపు పనులు చేసి తీసుకెళ్తే, "ఇది మావోరీ కళ ఎలా అవుతుంది? చెక్క మీద చెక్కినవి ఏవీ?" అనేవారట. పరాయి దేశాలకి వెళ్ళినా అదే ప్రశ్న. "ఇంట్లోనూ అదే గోల, బయటా అదే గోల" అని నవ్వింది. ఆ తర్వాత నవ్వకుండా ఒక సంగతి చెప్పింది. ఏదో దేశంలో తమ పనుల్ని సామాన్లు ఎక్కించే లిఫ్టులో వెనక దారిన లోపలికి చేర్చారట. వెంట వచ్చిన పెద్దావిడ పెట్టెలు తెరవనివ్వలేదట. "అవి మాకు సామాన్లు కావు, మా పెద్దవాళ్ళు. పెద్దవాళ్ళు పిలవని ఇంటికి వెళ్ళరు కదా" అంది. అందుకని మాకు ఒకటే షరతు. గుమ్మంలో పిలవాలి. ఇంటి తరఫున ఒక ఆడమనిషి నిలబడి, గొంతెత్తి పిలవాలి. పిలిస్తేనే అడుగు పడుతుంది.

దీని తర్వాత వాళ్ళ దగ్గర్నుంచి ఒక మెయిలు వచ్చింది. మీ కాలర్ ఎవరు అని అందులో అడిగారు. ఆ మెయిలు నాకన్నా ముందు మా సూపరింటెండెంట్ గారు చూశారు. ఎంతో చురుకైన మనిషి. వెంటనే మా రిసెప్షన్ అమ్మాయి మొబైల్ నంబరు, ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు పంపి, వాట్సాప్ సౌకర్యం కూడా కలదని చేర్చారు. అటు నుంచి చాలా మర్యాదగా, చాలా పొడుగ్గా జవాబొచ్చింది. అది చదివి మేమంతా పడీ పడీ నవ్వాం. ఆయన మాత్రం ఉడుక్కున్నారు.

"కాలరంటే ఫోన్ చేసేవాళ్ళు కాక ఇంకెవరండీ? నేనేం తప్పు రాశాను?"

"తప్పేం లేదండి. పెద్దావిడ గుమ్మంలో నిలబడితే మన అమ్మాయి మిస్డ్ కాల్ ఇస్తుంది" అన్నాను. ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు.

మరి పిలిచేదెవరో తేల్చాలి కదా. కమిటీ కూర్చుంది. నేను వివరంగా చెప్పాను. మంత్రాలు అక్కర్లేదు, మన పద్ధతిలోనే పిలవచ్చు, కానీ గట్టిగా పిలవాలి, ఇంటికి పెద్దావిడ పిలవాలి. మా గ్యాలరీలో పెద్దావిడ ఎవరో అందరికీ తెలుసు. గట్టి గొంతు ఎవరిదో ఊరంతటికీ తెలుసు. సూపరింటెండెంట్ గారు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తున్నారు.

చివరికి ఛైర్మన్ గారే అన్నారు. "మా ఆవిడ ఉందిగా మేడమ్. ఆవిడ చేత పిలిపిద్దాం. హారతి కూడా ఇస్తుంది, నిండుగా ఉంటుంది. మీరు లోపల పెట్టెలవీ కాస్త చూసుకుందురుగాని."

"అలాగేనండి" అన్నాను. ఆ మాట నా సర్వీసులోకెల్లా తక్కువ వాల్యూమ్‌లో అన్నాను. కోపం వచ్చింది, దాచడం ఎందుకు. అయితే ఆయన మీద కాదు. ఆయన ఎప్పుడూ అనే మాటే అన్నారు. ఆయన ఇంకో మాట అంటారని ఒక్క క్షణం ఆశపడ్డాను చూశారూ, ఆ ఆశ మీద వచ్చింది.

వాళ్ళు వచ్చిన రోజు మార్చి నెలాఖరు. పొద్దున పదకొండు కాకుండానే రాజమండ్రి ఎండ తన పని మొదలెట్టేసింది. గేటు బయట వాళ్ళు బారుగా నిలబడ్డారు. ముందు ఆడవాళ్ళు, వెనక మగవాళ్ళు, ఆ వెనక తలుపులు తెరిచిన వ్యానులో పెట్టెలు. అందరికన్నా ముందు నల్లబట్టల్లో ఆ పెద్దావిడ. తలకి పచ్చటి ఆకుల దండ, గడ్డం మీద పచ్చబొట్టు. మా అమ్మమ్మ గడ్డం మీద ఉన్నది చిన్న చుక్క, ఈవిడకి గడ్డం నిండా తీగలు. మా వైపు సన్నాయి మేళం, పూలదండలు, ఛైర్మన్ గారు, హారతి పళ్ళెం పట్టుకుని పట్టుచీరలో వాళ్ళావిడ. నేను స్టోర్ రూము కిటికీలో ఉన్నాను.

మేళం ఆగింది. ఛైర్మన్ గారి భార్య హారతి పళ్ళెం తిప్పి, చక్కగా నవ్వి, పెదవులు కదిపారు. ఏమన్నారో పక్కనున్న ఆయనకి కూడా వినపడలేదు. గేటు దగ్గరివాళ్ళు కదల్లేదు. వీళ్ళు నిలబడే ఉన్నారు, వాళ్ళూ నిలబడే ఉన్నారు. ఛైర్మన్ గారు "రండి, రండి, కమిన్ కమిన్" అంటూ రెండు చేతులూ ఊపారు. కదల్లేదు. సూపరింటెండెంట్ గారు మైకు అందుకుని "వియ్ హార్టీలీ వెల్‌కమ్" అన్నారు. మైకు కీచుమంది, కరెంటు పోయింది. ఎవరో చప్పట్లు కొట్టి, ఇంకెవరూ కొట్టడం లేదని మానేశారు.

నా కళ్ళు వ్యాను మీదే ఉన్నాయి. అందులో ఏమున్నాయో నాకు తెలుసు. ఈకలు, జిగురు, నార, గాజు గొట్టాలు. ఇలాంటి ఎండలో రేకు వ్యాను పొయ్యి మీద పెట్టిన గిన్నెతో సమానం. చిన్నమ్మాయి పెద్దావిడ వైపు చూసింది. ఆవిడ నేల చూపు చూస్తోంది. చిన్నమ్మాయి వెనక్కి వెళ్ళి డ్రైవరుతో ఏదో చెప్పింది. అతను వ్యాను తలుపు ఒక రెక్క మూశాడు. రెండో రెక్క కూడా పడితే ఆ పెట్టెలు అలాగే వెళ్ళిపోతాయి.

అప్పుడు ఛైర్మన్ గారి భార్య ఒక పని చేశారు. హారతి పళ్ళెం తీసి భర్త చేతిలో పెట్టి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గబగబా నా కిటికీ దగ్గరికి వచ్చేశారు. ఆవిడకి చెమటలు పడుతున్నాయి.

"అక్కయ్యగారూ, నా వల్ల కాదండి. ఇంట్లో పిల్లల్ని కూడా నేను కేకేసి పిలిచి ఎరగను. మీరు రండి."

"నేనా? వద్దమ్మా. శుభమా అని వాళ్ళు వస్తుంటే నేను ఎదురు రావడం..."

"భలేవారే! ఎదురు ఎవరూ రాకపోవడమే కదండీ ఇప్పుడొచ్చిన చిక్కు!"

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. నిజమే కదా. జీవితమంతా ఎవరికీ ఎదురు రాకుండా జాగ్రత్తపడ్డాను. తీరా చూస్తే, ఎదురొచ్చే మనిషి కోసం ఎండలో నిలబడ్డవాళ్ళు ఎదురుగా ఉన్నారు. తాళాల గుత్తి కిటికీలో పడేశాను. చెప్పులు విడిచి వచ్చి గుమ్మం మెట్టు మీద నిలబడ్డాను. ఛైర్మన్ గారు పళ్ళెంతో సహా పక్కకి జరిగారు.

ఏమని పిలవాలో ఆలోచించలేదు. ఆలోచిస్తే ఇంగ్లీషు వచ్చేది. గేటు వైపు చూస్తే నాకు గేటు కనపడలేదు, రేవు కనపడింది.

"ఓ...య్! ఏ ఇంటికో...య్! రండో...య్! ఒడ్డుకి రండో...య్! అందరూ రండో...య్!"

కడుపులోంచి వచ్చింది. మేడ మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. మామూలుగానే ఒక ఆటో ఆగింది. డ్రైవరు చెయ్యి రెండో తలుపు మీద అలాగే ఉండిపోయింది.

పెద్దావిడ తలెత్తింది. ఆవిడ గొంతు లేచింది. సన్నగా మొదలై, పొడుగ్గా సాగి, చివర్లో వణికింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అది ఏంటో నాకు తెలుసు. ఏ ఇంటికో చెబుతోంది. పడవలోంచి వచ్చే బదులు అచ్చం అలాగే ఉంటుంది. నేను మళ్ళీ "అందరూ రండో...య్" అన్నాను. ఆవిడ మళ్ళీ బదులిచ్చింది. మా రెండు గొంతుల మధ్య వాళ్ళు నెమ్మదిగా నడిచి వచ్చారు. సగం దూరంలో ఒకసారి ఆగి, తలలు వంచుకుని నిలబడి, మళ్ళీ కదిలారు. వ్యాను తలుపు రెండో రెక్క పడలేదు. మూసిన రెక్క కూడా తెరుచుకుంది. నేను మెట్టు మీదే కూలబడ్డాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో అప్పుడు నాకే తెలియలేదు. ఇప్పుడు తెలుసు, రెండూ చేశాను.

వాళ్ళ పద్ధతిలో పలకరింపు అంటే నుదురూ ముక్కూ ఆనించడం. ఆవిడ నన్ను లేపి అలాగే పలకరించింది. తర్వాత ఛైర్మన్ గారి వంతు వచ్చింది. ఆయన చేతిలో ఇంకా హారతి పళ్ళెమే ఉంది, ఎవరికి ఇవ్వాలో తోచలేదు. కళ్ళజోడు తీయడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆవిడే ఆయన కళ్ళజోడు తీసి, ముక్కు ఆనించి, మళ్ళీ పెట్టింది. భీమవరంలో ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

సాయంత్రానికి పెట్టెలు తెరిచాం. ముందుగా బయటికి వచ్చింది గోడంత తెరచాప. దగ్గరికి వెళ్ళి చూస్తే ప్లాస్టిక్ సంచుల్ని పట్టీలుగా కోసి నేసింది.

ఛైర్మన్ గారి మొహం వాడిపోయింది. "ఇదేంటండి మేడమ్, సంచులు! మా చెరువు గట్ల మీద మేత సంచులు ఇలాంటివి బోలెడు పడున్నాయి."

"ఇవీ మేత సంచులేనండి. వాళ్ళ దేశంలో పశువుల దాణావి. ఒకప్పుడు తమవై, తర్వాత తెల్లవాళ్ళ పాలైన పొలాల్లోనే కూలికెళ్ళి మోసిన సంచులట. వాటితోనే, తాతలు సముద్రం దాటిన తెరచాపని మళ్ళీ నేశారు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని తెరచాప అంచు దగ్గరికి వంగి చూశారు. మర్నాటి నుంచి తన స్నేహితులు ఎవరు వచ్చినా నన్ను పక్కకి నెట్టి ఆయనే చెప్పడం మొదలెట్టారు. తణుకు నుంచీ, మొగల్తూరు నుంచీ వచ్చిన రైతులు ఆ సంచుల ముందు ఆగినంతసేపు ఏ నూనె రంగుల బొమ్మ ముందూ ఆగడం నేను చూడలేదు.

వాళ్ళు తినేవి బొమ్మలున్న గదిలోకి తేరు. అందుకని కాఫీలు, పూతరేకులు వరండాలో పెట్టాం. పెద్దావిడ నా పక్కన కూర్చుంది. పూతరేకు కాగితమనుకుని విప్పబోతే ఆపి, ఎలా తినాలో చూపించాను. చిన్నమ్మాయి మా మధ్య కూర్చుని మాటలు అటూ ఇటూ చేర్చింది.

"నువ్వు మళ్ళీ మళ్ళీ ఒక మాట అన్నావు. అందరూ, అందరూ అని. ఏంటది?" అని ఆవిడ అడిగింది.

అర్థం చెప్పాను. ఆవిడ తల ఊపింది. వాళ్ళ పిలుపులో కూడా అదే ఉంటుందట. గుమ్మంలోకి వచ్చేది బతికున్నవాళ్ళు ఒక్కళ్ళే కాదట. పోయినవాళ్ళు కూడా వాళ్ళ వెంట వస్తారు, ఈ ఇంట్లో పోయినవాళ్ళు వాళ్ళకి ఎదురు వెళ్తారు. అందుకే దారిలో ఆగి తల వంచారు.

"పోయినవాళ్ళని కూడా పిలవాలి కదా. అందుకే చిన్నపిల్లలు పిలవరు. తనవాళ్ళని పోగొట్టుకున్న మనిషి పిలవాలి. నీకెవరున్నారు అక్కడ?"

"మా అమ్మ. మా ఆయన."

"నాకూ ఆయన ఉన్నాడు. ఇప్పటికి ముగ్గురూ పరిచయమైపోయి ఉంటారులే" అని, ఇంకో పూతరేకు తీసుకుంది.

ఏ కారణంగా నన్ను ఇన్నాళ్ళూ లోపలికి వెళ్ళమన్నారో, అదే కారణంగా ఆవిడ ఊళ్ళో నన్ను గుమ్మంలో నిలబెట్టేవారు. ఆవిడ గడ్డం వైపు చూశాను. అది ఎవరు పోయినా చెరిపేసుకోనక్కర్లేని బొట్టు. ఆవిడ చూపు నా నుదుటి మీద ఆగిందేమో నాకు తెలియదు.

పిల్లలూ, మీలో కొందరు ఈ పాటికి, ఆ తర్వాత అంతా మారిపోయిందని రాయబోతున్నానని అనుకుంటూ ఉంటారు. ఊరు మారలేదు. మా సూపరింటెండెంట్ గారు ఇప్పటికీ శకునం చూసుకోందే స్కూటరు తీయరు. మా గ్యాలరీ ఆల్బమ్‌లో మాత్రం నా ఫోటో ఒకటి చేరింది. మెట్టు మీద నిలబడి, నోరంతా తెరిచి, కొండనాలుక కనపడేలా కేక వేస్తున్న ఫోటో. అందులో నేను ఏ మాత్రం బాగుండను. ఒక కాపీ తీయించి ఫ్రేము కట్టించుకున్నాను.

వాళ్ళు వెళ్ళిపోయాక కొన్నాళ్ళకి మా జిల్లా చిత్రకారుడి ప్రదర్శన ఒకటి పెట్టాం. దీపం సిద్ధం, కొబ్బరికాయ సిద్ధం, ముఖ్య అతిథి గారి కారు గేటు దగ్గర ఆగింది. నేను అలవాటు చొప్పున తాళాల గుత్తి పట్టుకుని స్టోర్ రూము వైపు నడిచాను. వెనక నుంచి ఛైర్మన్ గారి గొంతు వినపడింది.

"మేడమ్, ఎక్కడికండీ? ఆ తాళాలు ఇటిచ్చి గుమ్మంలోకి రండి. మీరు పిలవందే ఎలా?"

నేను వెనక్కి తిరిగాను. పక్కన వాళ్ళావిడ నవ్వుతున్నారు.

"నెమ్మదిగా పిలవనా అండీ?" అన్నాను.

"నెమ్మదిగా ఏంటండీ మేడమ్! అవతలి ఒడ్డుకి వినపడాలి."

ఆయన మామూలుగానే అన్నారు. నేను మాత్రం అవతలి ఒడ్డున ఉన్న మావాళ్ళకి వినపడేలాగే పిలిచాను.